పులికే వాతలు

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని సామెత. ఆ సామెత పుట్టిన కాలంలో మన పెద్దల దగ్గర ల్యాప్‌టాప్ లేదు గనక కథ అక్కడితో ఆగింది. ఇప్పుడు ఇంకో మెట్టెక్కింది. ఫోన్లో తన ఫొటో చూసుకుని పులే వాతలు పెట్టుకోవాల్సిన రోజులు వచ్చాయి. మన ఆదిలాబాద్ అడవుల్లో తిరిగే పులి పాపం దుమ్ముకొట్టుకుని, ఎండిన టేకాకుల్లో కలిసిపోయి ఉంటుంది. ఫేస్‌బుక్‌లో దాని పేరు మీద తిరిగే పులి మాత్రం వినాయక నిమజ్జనానికి ముస్తాబైనట్టు నిగనిగలాడుతుంటుంది. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే జనం రెండోదానికే దండం పెడతారు. మొదటిదాన్ని ‘ఇదేం పులి, డూప్లికేటా?’ అని అడుగుతారు.

ఈ ఘనకార్యం చేసినవాళ్లను అభినందించక తప్పదు. సృష్టిలో లోపాలు ఒకటా రెండా? ఎండాకాలం వస్తే కవ్వాల్ అడవిలో టేకు ఆకంతా రాల్చి బోడిగా నిలబడుతుంది. ఎలుగుబంటికి నలుపు తప్ప వేరే రంగు తట్టలేదు. రాబందును మట్టి రంగుతో సరిపెట్టేశారు. పాలపిట్టకు అంత మంచి నీలం ఇచ్చి కూడా, కూర్చున్నప్పుడు రెక్క ముడిచి దాచుకొమ్మన్నారు. లైకులు, షేర్లు అనేవి ఉంటాయన్న సంగతి సృష్టికర్త దృష్టికి ఎవరూ తీసుకుపోయినట్టు లేదు. ఆ లోపాలన్నీ సరిదిద్దే బాధ్యత కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ ఫొటోగ్రాఫర్లు కొందరు తమ నెత్తినేసుకున్నారు. లక్షలు పోసి కొన్న లెన్సును భుజాన మోసేవాళ్లకు బ్రహ్మ చేసిన పనిలో తప్పులు దిద్దడం ఒక లెక్కా?

ముందు పాలపిట్ట సంగతి చూద్దాం. 2014 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రానికీ అదే రాష్ట్ర పక్షి. దసరా నాడు అది కంటబడితేగాని మనకు పండుగ పూర్తి కాదు. దాన్ని చూడాలంటే అడవిదాకా పోనక్కర్లేదు, పొలం గట్టున కరెంటు తీగ మీద చూస్తే చాలు. తీగ మీద కూర్చున్నప్పుడు అది మట్టిరంగు వీపుతో, గొంతు కింద సన్నని తెల్ల గీతలతో, ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు ఉంటుంది. కింద మిడత కదిలిందా, ఒక్క దూకు. ఆ దూకులో రెక్క విచ్చుకుని ముదురు నీలం, లేత నీలం పట్టీలు భగ్గుమంటాయి. మళ్లీ తీగ ఎక్కగానే దుకాణం బంద్. ఆ నీలం కూడా పూసిన రంగు కాదు. దాని ఈకలో నీలి రంగు పదార్థమే ఉండదు. ఈక లోపలి సన్నని అల్లికలో, గాలి గదుల మధ్య వెలుతురు చెదిరి మన కంటికి నీలంగా చేరుతుంది. ఈకను మెత్తగా నూరితే నీలం మాయం. అంటే పాలపిట్ట తన ఎడిటింగ్ తానే చేసుకుని బయల్దేరింది. మనవాడు దాని మీద రెండో విడత మొదలుపెడతాడు.

ఎలా? సాచురేషన్ అనే గీటను కుడివైపు లాగుతాడు. లాగినకొద్దీ నీలం చిక్కబడుతుంది. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు సున్నా నుంచి 255 దాకా మెట్లుంటాయి. 255 తరువాత మెట్టు లేదు. అప్పటిదాకా వేరువేరు మెట్ల మీదున్న నీలాలన్నీ ఎగబాకి ఆ పై మెట్టు మీద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నిలబడతాయి. ఈక ఈకకూ మధ్య గీత చెరిగిపోతుంది. నీడ చెరిగిపోతుంది. రంగు పెంచాననుకుంటాడు గాని, ఒక్కటే రంగు మిగిల్చి తక్కినవన్నీ చంపేస్తాడు. దానికింద ‘వావ్’ అని రెండు వందల కామెంట్లు.

ఆ మాత్రం నీలం కూడా చాలనివాళ్లు దసరాకు ఏకంగా ఖండమే దాటుతున్నారు. ‘విజయదశమి శుభాకాంక్షలు, పాలపిట్ట దర్శనం శుభప్రదం’ అంటూ వాట్సాప్‌లో వచ్చే బొమ్మలను ఈసారి కాస్త పరీక్షగా చూడండి. రొమ్మంతా ఊదారంగు ఉండి, తోక చివర రెండు పొడుగాటి ఈకలు వేలాడుతుంటే అది మన పిట్ట కాదు. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో ఉండే దాని దాయాది. కెన్యాలో మిడతలు ఏరుకుని తినే పక్షి మన జమ్మి చెట్టు పక్కన ఆశీర్వాదం ఇస్తోంది. వీసా అడిగేవాడు లేడు. రాష్ట్ర పక్షిని గుర్తుపట్టలేని రాష్ట్రంలో పండుగ మాత్రం ఘనంగా జరుగుతోంది.

ఇక పని జరిగే చోటుకు పోదాం. కరీంనగర్‌లో ఏదో ఒక కలర్ ల్యాబ్ అనుకోండి. పెళ్లిళ్ల సీజన్. ఒక తెర మీద పెళ్లికూతురి ముఖానికి టచింగ్ నడుస్తోంది. పక్క తెర మీద దుప్పి. కుర్చీలో ఎడిటింగ్ పిల్లగాడు, వెనక నిలబడి లక్షల లెన్సు గల అన్న.

‘తమ్మీ, జర ఆ పచ్చదనం పెంచరాదే.’

‘అన్నా, ఇది ఏప్రిల్ ఫొటో గదా. ఆకే లేదు.’

‘ఆకు లేకుంటే గడ్డి లేదా? దానికన్న పెట్టు.’

‘గడ్డి ఎండిపోయి పసుపుగ ఉన్నదన్నా.’

‘పసుపును ఆకుపచ్చ చెయ్యొస్తలేదా? ఇన్నేండ్లసంది ఏం నేర్చుకున్నవ్ మరి?’

పిల్లగాడు పసుపు గీటను ఆకుపచ్చ వైపు జరిపాడు.

‘అన్నా, దుప్పి గూడ పచ్చబడ్డది.’

‘దాన్ని పక్కకు వేరు చేసి ఎర్రగ చెయ్యి.’

‘అయింది. పైన కరెంటు తీగ?’

‘తీసెయ్.’

‘వెనక గుట్టకు క్వారీ కోత కనవడ్తాంది.’

‘మసక చెయ్యి.’

‘పశువులు మేస్తున్నయ్ మూలకు.’

‘అడవిల పశువులేంది? తీసెయ్.’

‘ఇగ ఏం మిగిలిందన్నా?’

‘ప్రకృతి మిగిలింది తమ్మీ. సేవ్ కొట్టు.’

సాయంత్రానికి ఫొటో పోస్టయింది. కింద రాత: ‘ప్రకృతి ఒడిలో ఒక ఉదయం. కవ్వాల్, ఏప్రిల్.’ ఏప్రిల్‌లో నిండు పచ్చగా ఉన్న టేకు అడవిని చూసి కలెక్టరాఫీసు గుమాస్తా నుంచి కాలిఫోర్నియా బావమరిది దాకా అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనిది జన్నారంలో పశువులు మేపుకునే ముసలాయన ఒక్కడే. ఆయనకు ఫోన్ లేదు. ఉన్నా నమ్మడు. ఎండల్లో అడవిలో నీడ దొరకక చెట్టు చెట్టుకూ తిరిగే మనిషి ఆయన. ఆ ఫొటోలో ఆయన పశువులు కూడా లేవు.

ఆ కంప్యూటర్ పెట్టెలో ఇంకా మహిమగల గీటలున్నాయి. డీహేజ్ అని ఒకటి 2015లో వచ్చింది. పొగమంచును తుడిచేయడం దాని పని. తిర్యాణి మండలం గిన్నెదరిలో డిసెంబర్ తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్త వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఊరి పేరు తరచూ వినపడుతుంది. ఆ మంచులో జింకల మంద నీడలు నీడలుగా కదులుతుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు. మన ఫొటోగ్రాఫర్‌కు మాత్రం ఆ మంచే అడ్డం. డీహేజ్ లాగాడు. మంచు పోయింది, చలి పోయింది, డిసెంబరే పోయింది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలా తయారైంది. అదే గీట బొగ్గు బెల్టులో ఇంకో ఉపకారం కూడా చేస్తోంది. రామగుండం నుంచి మంచిర్యాల దాకా ఓపెన్‌కాస్టుల దగ్గర రోడ్డు పక్క ఆకుల మీద పేరుకున్న దుమ్మును ఒక్క లాగుతో కడిగేస్తుంది. ఏ వానా, ఏ నీళ్ల ట్యాంకరూ చేయలేని పని. కాలుష్య నియంత్రణకు ఇంత చౌకైన యంత్రం ఉండగా బోర్డులు, తనిఖీలు ఎందుకో అర్థం కాదు.

ఇప్పుడు అసలు నాయకుడు, పులి. దాని ఒంటి మీది నారింజ రంగు మెరవడానికి అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది దాక్కోవడానికి. జింకల కంటికి మనకున్నట్టు మూడు రకాల రంగు కణాలు లేవు, రెండే. ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య తేడా వాటికి తెలియదు. 2019లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జింక చూపును కంప్యూటర్‌లో లెక్కగట్టి, పులి నారింజ రంగు ఆ కళ్లకు అడవి పచ్చలోనే కలిసిపోతుందని తేల్చారు. అంటే ఆ రంగు లక్షల ఏళ్ల పరిణామంలో కుదిరిన రహస్యం. మనవాడు ఆ రహస్యాన్ని సాచురేషన్ ఎనభైకి పెట్టి ఊరంతా దండోరా వేస్తాడు.

పులికి తన రంగు మీద గర్వం లేదు, పులిని లెక్కపెట్టేవాళ్లకూ ఆ రంగుతో పనిలేదు. 2018 దేశవ్యాప్త పులుల లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. అప్పట్లో గిన్నిస్ రికార్డు అది. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు పడితే, అందులో పులి ఉన్నవి 76,651. ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో తీసే కెమెరా అయితే రాత్రి పడిన పులి బూడిద రంగులో, కళ్లు తెల్లగా మెరుస్తూ, సగం తోక ఫ్రేము బయట పెట్టి ఉంటుంది. ఏ పోటీలోనూ కన్సొలేషన్ బహుమతి కూడా రాని ఫొటో. కాని శాస్త్రవేత్త దాని పక్క చారలు చూసి, మన వేలిముద్రలాగే ఏ రెండు పులులకూ ఒకేలా ఉండని ఆ చారలు చూసి, ఇది ఫలానా పులి, ఫలానా తేదీన పెన్‌గంగ దాటింది అని చెప్పగలడు. రంగు లేని ఆ ఫొటో సాక్ష్యం. రంగుల ఫొటో పోస్టరు.

పోస్టరు చూసి పెరిగిన కంటితో ప్రమాదం కూడా ఉంది. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబర్ చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి పోయిన యువతిని పులి చంపింది. ఆ తరువాత కూలీలు తలకు వెనకవైపు మనిషి ముఖం మాస్కులు కట్టుకుని చేలల్లోకి దిగారు. పత్తి చేను అంచున, ఎండు గడ్డిలో పడుకున్న పులి ఏ రంగులో ఉంటుందో తెలియడం ఆ తల్లులకు కళాభిరుచికి సంబంధించిన విషయం కాదు. ఫోన్లో చూసిన నారింజ మెరుపు కోసం వెతికే కంటికి, మూడు బారల దూరంలో ఎండుగడ్డిలో కలిసిపోయిన అసలు పులి ఆనదు.

‘అయితే కంప్యూటర్ ముట్టుకోవడమే పాపమంటారా?’ అని కోపంగా అడగబోతున్న ఫొటోగ్రాఫర్ మిత్రులు కాస్త ఆగాలి. అంత మడి కట్టుకునే వీలు ఈ విద్యలో ఎప్పుడూ లేదు. డిజిటల్ కెమెరా పుట్టుకే సగం ఊహ మీద నడుస్తుంది. 1976లో కోడాక్ ఇంజనీర్ బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన పద్ధతిలో సెన్సర్ మీది ఒక్కో చుక్క ఒక్క రంగునే పడుతుంది. నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. మిగతా రంగులను చుట్టుపక్కల చుక్కలను చూసి లెక్కగట్టుకుంటుంది. కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైలు చప్పగా, పాలిపోయి ఉంటుంది, దాన్ని ఎంతోకొంత సరిచేయక తప్పదు. నీడలో తీస్తే ఫొటో మీద నీలి ఛాయ పడుతుంది, దాన్ని తీయాలి. ఫిల్ము రోజుల్లోనూ 1990లో వచ్చిన వెల్వియా రీలును ప్రకృతి ఫొటోగ్రాఫర్లు ఎగబడి కొన్నది దాని చిక్కటి రంగుల కోసమే. అదంతా ఒప్పుకుందాం.

గీత గీయాల్సింది ఇంకో చోట. కెమెరా మింగిన రంగును కక్కించడం ఎడిటింగ్. అడవిలో లేని రంగును తెచ్చి అంటగట్టడం మోసం. కంటితో చూసినదానికి దగ్గరగా తీసుకుపోయేది మొదటిది, దూరంగా తీసుకుపోయేది రెండోది. ఈ తేడా చెప్పడానికి పండితులు అక్కర్లేదు. ఆ పొద్దు నీ పక్కన నడిచిన అటవీశాఖ బేస్ క్యాంపు వాచర్‌కు ఫొటో చూపించు. ‘అవును సార్, గిట్లనే ఉండె’ అంటే పాస్. ‘ఇది యాడిది సార్?’ అంటే ఫెయిల్.

వాచర్ మాట పట్టనివాళ్లకు లండన్ మాటైనా పట్టాలి గదా. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా వన్యప్రాణి ఫొటోలకు ప్రపంచస్థాయి పోటీ పెడుతుంది. చివరి వడపోతకు చేరినవాళ్లు రా ఫైలు ముందు పెట్టాల్సిందే. చూసేవాణ్ని మోసగించేదేదీ కుదరదు. 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫొటోకు అగ్ర బహుమతి ఇచ్చి, అది అడవి తోడేలు కాదు పెంపుడు తోడేలని తేలాక 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. 2017లో ఇంకో విభాగంలో గెలిచిన ఫొటోలో చెదపుట్ట పక్కన నిలబడిన ఆంట్‌ఈటర్ బతికున్నది కాదు, చర్మంలో కూరి నిలబెట్టిన బొమ్మ అని నిపుణులు తేల్చితే 2018 ఏప్రిల్‌లో అదీ రద్దయింది. మన దగ్గర అలాంటి రద్దులు లేవు. మనవాళ్లు నిజాయితీపరులని కాదు, అడిగేవాడు లేడని. అక్టోబర్ 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు వస్తాయి. పోటీ పెట్టడం, శాలువా కప్పడం, ఫొటో దిగడం. ఆ దిగిన ఫొటోకు కూడా టచింగ్.

‘పోనీలెండి, అందంగా ఉంటే అడవి మీద జనానికి ప్రేమ పెరుగుతుంది గదా’ అనే మెత్తటి వాదం ఒకటుంది. దాని సంగతి 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో తేలిపోయింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు చెట్లు కూల్చుతుంటే విద్యార్థులు రోడ్డెక్కారు. అక్కడ నెమళ్లు నిజం, జింకలు నిజం, కూలిన చెట్లు నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని నరికివేత ఆపించింది. కాని ఆ నిజాలు చాలవనుకున్న పుణ్యాత్ములు కొందరు ఏఐతో బొమ్మలు పుట్టించారు. ఏడుస్తున్న నెమళ్లు, యంత్రాల ముందు పరుగెడుతున్న జింకలు సామాజిక మాధ్యమాల నిండా తిరిగాయి. ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి? అవి కల్పిత చిత్రాలంటూ కేసులు పెట్టారు. అలాంటి బొమ్మ ఒకటి పంచుకున్న సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా పోలీసుల నోటీసు వెళ్లింది. చర్చ చెట్ల మీంచి బొమ్మల మీదికి మళ్లింది. ఒక్క దొంగ బొమ్మ వంద అసలు ఫొటోల నోరు నొక్కింది. రేపు పెన్‌గంగ ఒడ్డున నిజంగా ఒక పులి ఉచ్చులో పడి చస్తే, ఆ ఫొటో తెచ్చి చూపినవాణ్ని ‘ఏఐ కాదని ఏమిటి రుజువు?’ అని అడుగుతారు. ఆ అనుమానానికి విత్తనం వేసింది సాచురేషన్ గీట. దానికి నీళ్లు పోసింది మన లైకు.

రంగు మోజు చేసే ఇంకో అన్యాయం, రంగులేని జీవాల్ని వెలివేయడం. కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లో బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట ఉంది. నిట్టనిలువు కొండ చరియ. ఆ రాతి అంచుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టిన సంగతి 2013లో బయటపడింది. దేశంలో ఆ జాతి, దాని దగ్గరి జాతి కలిపి 1992 నుంచి 2007 మధ్య నూటికి దాదాపు 97 వంతులు అంతరించాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి, అది తిన్న రాబందు కిడ్నీలు చెడి చచ్చింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఇంత అరుదైన ఈ పక్షి మన దగ్గర గూడు పెట్టిందని ఎంతమందికి తెలుసు? తెలియదు. ఎందుకంటే రాబందుకు ఏ గీట లాగినా అందం రాదు. బోడి మెడ, మట్టి రంగు రెక్క. దాని గూడు దగ్గరికి ఎక్కడానికి గుండె దమ్ము కావాలి, దాని ఫొటోకు లైకులు రావు. రెండూ కలిపి లెక్కేసుకున్న మన అన్న రాబందును వదిలేసి, రోడ్డు పక్కన నెమలిని పట్టుకున్నాడు.

ఎలుగుబంటిదీ అదే గతి. కరీంనగర్ చుట్టూ గుట్టల్లోని రాయికి ప్రపంచ మార్కెట్లో ‘టాన్ బ్రౌన్’ అని పేరుంది. ఆ గోధుమ రంగుకు విదేశాల్లో వంటింటి గట్ల మీద మంచి ధర. గుట్టలు బ్లాకులు బ్లాకులుగా కోసి లారీలెక్కించాక ఆ గుహల్లో ఉండాల్సిన ఎలుగులు ఊళ్ల మీదికి వస్తున్నాయి. గుట్ట రంగును నిజాయితీగా అమ్ముకున్నవాళ్లు గ్రానైటు వ్యాపారులు ఒక్కరే. మిగతావాళ్లం ఆ కోత కనపడకుండా మసక చేసి, ముందు పిట్టను పెట్టి ‘కరీంనగర్ అందాలు’ అంటున్నాం.

రంగు లేకుండా ఈ అడవిని చూపలేమా? చూపినవాళ్లున్నారు. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం సర్కారు గోండుల స్థితిగతులు చూడమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి ఫొటోలు తీశాడు. అప్పటివి నలుపు తెలుపు. అందులో గోండులున్నారు, పశువులున్నాయి, ఇళ్లున్నాయి, అడవి ఉంది. ఒకదాన్నొకటి తుడిచేయలేదు. ఎనభై ఏళ్లు దాటినా ఆ ఫొటోలు ఆదిలాబాద్ చరిత్రకు ఆధారం. ఇప్పటి మన ఫొటోల్లో అడవి ఉంటుంది, అడవి మనుషులుండరు. పులి ఉంటుంది, దానికి దూడను పోగొట్టుకున్న రైతు ఉండడు. 2025లో కవ్వాల్‌కూ మహారాష్ట్ర తాడోబాకూ మధ్య అడవిని కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తూ ప్రభుత్వం జీవో 49 ఇస్తే ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో, దాన్ని ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చిందో మన ఫొటోలు చూసిన పట్నపు మనిషికి అర్థం కాదు. ఆయన చూసిన అడవిలో మనుషులే లేరు మరి.

రంగు మీద అంత మక్కువే ఉంటే దానికి మన దగ్గరే గౌరవమైన దారి ఉంది. నిర్మల్ పోవాలి. అక్కడి నకాషీ కళాకారులు పొణికి కర్ర చెక్కి పులినీ, జింకనీ, చిలుకనీ చేస్తారు. రంగులు ధారాళంగా పూస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన కళ అది. కాని ఏ నిర్మల్ కళాకారుడూ తన బొమ్మను చూపి ‘ఇది కవ్వాల్‌లో పొద్దున ఆరింటికి నాకు ఎదురైంది’ అనడు. బొమ్మను బొమ్మ అని అమ్ముతాడు. ఆ ఒక్క నిజాయితీ ఉంటే మన ఫొటోగ్రాఫర్లు కూడా ఫొటో కింద ‘కంప్యూటర్ చిత్రకళ’ అని రాసి నిర్భయంగా ఏడు రంగులూ పూసుకోవచ్చు. ఎవరూ కాదనరు. ఆ మాట రాస్తే లైకులు సగమైపోతాయన్న భయమే, వాళ్లు చేసేది ఏమిటో చెబుతోంది.

కాబట్టి ఫొటోగ్రాఫర్ అన్నలకూ, తమ్ముళ్లకూ ఒక విన్నపం. రా ఫైలు దాచుకోండి, ఎవరు అడిగినా చూపండి. ఏం మార్చారో ఫొటో కింద ఒక్క ముక్క రాయండి. కరెంటు తీగ మీది పాలపిట్టను తీగతోనే పెట్టండి, అది ఇప్పుడు ఉంటున్నది అక్కడే. ఏప్రిల్ అడవిని ఏప్రిల్‌లాగే ఉంచండి. ఏడాదికి ఒక్కటైనా రాబందు ఫొటో పెట్టండి. పోటీలు పెట్టే అధికారులు శాలువా కొనేముందు రా ఫైలు అడగాలి. ఇక వేలు ఫోన్ మీద పెట్టి సిద్ధంగా ఉన్న మనం, టేకు చెట్టు ఏప్రిల్‌లో పచ్చగా కనపడితే లైకు కొట్టకుండా ‘ఎప్పుడు తీశావు తమ్మీ?’ అని అడగాలి. అడిగేవాడు ఒక్కడుంటే చాలు, గీట లాగే చెయ్యి కాస్త వణుకుతుంది.

కవ్వాల్‌ను 1965లో అభయారణ్యం చేశారు, 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. 2022 జాతీయ లెక్కింపులో తెలంగాణ మొత్తానికి 21 పులులు తేలాయి. 2018లో అవి 26. 2022 లెక్కలో కవ్వాల్ రిజర్వ్ లోపల తేలిన పులుల సంఖ్య సున్నా. కాగజ్‌నగర్ వైపు పిల్లల్ని పెట్టిన పులులు రిజర్వ్ గీత బయట, పత్తి చేల పక్కన తిరుగుతున్నాయి. అక్కడే 2024 జనవరిలో రెండు పులుల కళేబరాలు దొరికాయి. ఫోన్లలో మాత్రం పులులకు కొదవ లేదు, రోజుకొకటి పుడుతోంది, ఒకదాన్ని మించి ఒకటి ఎర్రగా. అడవిలో సున్నాగా ఉన్నదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఒకటి చేయలేదు.